కాబెర్నే, మెర్లో దాటాక ఎటు? పెద్దగా పేరు వినపడని ఎర్ర ద్రాక్షలు, వాటి ఊళ్లు

ప్రశ్న: నాలుగోగ్లాసు

రెడ్ వైన్ అనగానే కాబెర్నే సోవిన్యాన్, మెర్లో, షిరాజ్, పినో న్వార్, మాల్బెక్. ఈ ఐదు పేర్లే తిరిగి తిరిగి వస్తాయి. అంతర్జాతీయ ద్రాక్ష, వైన్ సంస్థ 2017లో వేసిన లెక్క చూస్తే, ప్రపంచంలో పదివేల దాకా ద్రాక్ష రకాలున్నా, తోటల్లో మూడో వంతుకు పైగా 13 రకాలతోనే నిండిపోయింది. 33 రకాలకు వచ్చేసరికి సగం అయిపోయింది. నాకు కావలసింది ఆ మిగతా సగం.

రుచి సంగతికొస్తే నెబ్బియోలో అనే ఇటలీ ద్రాక్ష వగరు ఇష్టం, ఫ్రాన్స్‌లోని ఉత్తర రోన్ సిరాలో (షిరాజ్‌కే ఇంకో పేరు) ఉండే మిరియాల వాసన ఇష్టం. తీపి వైన్లు వద్దు. అడగదలచినవి మూడు:

1. ఈ రెండింటి నుంచి బయల్దేరితే ఏ రకాలవైపు వెళ్లాలి? యాభై పేర్ల జాబితా వద్దండీ, ఓ దారి చెప్పండి.
2. యూరప్ సీసాల మీద చాలావరకు ఊరి పేరే ఉంటుంది. లోపల ఏ ద్రాక్ష ఉందో తెలిసేదెలా?
3. కొత్త రకం తాగినప్పుడు వాసన తేడాగా అనిపిస్తే అది రకం లక్షణమా, సీసా పాడైందా అన్నది ఎలా తేల్చుకోవాలి?

జవాబు 1: వగరుపక్షం

నెబ్బియోలో నచ్చిందన్నారు కాబట్టి అక్కణ్ణుంచే మొదలుపెడదాం. నెబ్బియోలో వింత ఏమిటంటే రంగు పలచన, వగరు మాత్రం చిగుళ్లు పట్టేసేంత. రంగూ వగరూ కలిసే ఉంటాయనే అపోహ చాలామందికి ఉంది. తొక్కలో రంగునిచ్చే పదార్థాలు వేరు, వగరునిచ్చే టానిన్లు వేరు. ఒకటి తక్కువై రెండోది ఎక్కువగా ఉండే రకాలు కొన్నే. అందులో రెండు మీకు వెంటనే పనికొస్తాయి.

మొదటిది గ్రీస్‌లోని క్సినోమావ్రో. క్సినో అంటే పులుపు, మావ్రో అంటే నలుపు. నలుపు మాట కాస్త అతిశయోక్తే, గ్లాసులో చూస్తే పలచటి ఎరుపు. పులుపు మాత్రం ముమ్మాటికీ నిజం. ఉత్తర గ్రీస్‌లో వెర్మియో కొండ కింద నౌసా అనే ఊరుంది. 1971 నుంచి దానికి రక్షిత పేరు ఉంది (అంటే నియమాల ప్రకారం చేసిన వైన్‌కే ఆ ఊరి పేరు వాడాలి), ఆ పేరుతో వచ్చే ఎర్ర వైన్ పూర్తిగా క్సినోమావ్రోతోనే చెయ్యాలి. ఎండిన టమాటా, ఆలివ్, ఎండు గులాబి, కాస్త తోలు వాసన. మొదటి గుక్కకే టమాటా తగిలితే కంగారు పడకండి, ఈ రకం ఆనవాలే అది. అదే ద్రాక్ష అమిందెయోలో ఇంకో తీరుగా ఉంటుంది. అక్కడ 600 మీటర్లకు పైన ఎత్తు, చుట్టూ సరస్సులు, ఇసుక నేల. వైన్ తేలిగ్గా, వాసన ముందుకొచ్చినట్టు ఉంటుంది. రప్సానీ అని చూస్తే అందులో క్రసాతో, స్తవ్రోతో అనే మరో రెండు రకాలు కలుస్తాయి, వగరు మెత్తబడుతుంది. గుమెనిస్సాలో అయితే నెగోస్కా కలుపుతారు. క్సినోమావ్రో అసలు ముఖం చూడాలంటే ముందు నౌసా, ఆ పక్కనే అమిందెయో పెట్టుకోండి.

రెండోది సిసిలీలో ఎట్నా అగ్నిపర్వతం మీద పండే నెరెల్లో మస్కలేజె. డీఎన్‌ఏ పరీక్షల్లో ఇది సాంజొవేసే, మంతోనికో బియాంకో అనే రెండు ద్రాక్షల సంతానమని తేలింది. ఎట్నా రోస్సో అని రాసి ఉంటే అందులో కనీసం 80 శాతం ఇదే ఉండాలి. దాంతో కలిసేది ఎక్కువగా నెరెల్లో కప్పుచ్చో, అది రంగు కోసం. లావా రాళ్లు పొడైన నల్ల నేల, ఉత్తరపు వాలులో 600 నుంచి 1000 మీటర్ల ఎత్తు, కోత అక్టోబర్‌లో. సిసిలీ అనగానే వేడి దేశం, బరువైన వైన్ అని ఊహించుకుంటే ఇక్కడ బోల్తా పడతారు. పగలు ఎండ, రాత్రి చలి. ఆ చలికే పులుపు నిలబడుతుంది. 2011 నుంచి లేబుల్ మీద కొంట్రాదా పేరు కూడా వేస్తున్నారు, అంటే కొండ మీద ఫలానా చెక్క అన్నమాట. ఒకే తయారీదారు నుంచి రెండు కొంట్రాదాల సీసాలు దొరికితే తప్పక పోల్చి చూడండి. ఒక చోట వందల ఏళ్ల కిందటి లావా, పక్కనే వేల ఏళ్లది. తేడా నాలుక మీదే తెలుస్తుంది.

ఇక పోల్చే పద్ధతి. మూడు గ్లాసులు ఒకే ఆకారంలో ఉండాలి. పరీక్షల కోసం ప్రమాణంగా పెట్టిన గ్లాసు సుమారు 215 మిల్లీలీటర్లు పడుతుంది, అందులో 50 పోస్తారు. మీరూ 50 చొప్పున పోసుకుంటే 750 సీసాలో 15 గ్లాసులొస్తాయి. ఎడమ నుంచి నెబ్బియోలో, నౌసా, ఎట్నా. వాసన మూడింటికీ చూసేదాకా నోట్లో చుక్క పోసుకోవద్దు. ఇక్కడ అందరూ చేసే పొరపాటు ఒకటుంది. టానిన్ ఉమ్మిలోని ప్రొటీన్లను పట్టుకుంటుంది, అందుకే నోరు పొడిబారుతుంది. ఆ పొడితనం గుక్క గుక్కకీ పేరుకుపోతుంది. దాంతో ఆఖరి గ్లాసు ఏదైతే అదే అన్నిటికంటే వగరని రాసుకుంటారు. మధ్యలో నీళ్లతో పుక్కిలించి రెండు నిమిషాలు ఆగండి. ఆ తర్వాత కుడి నుంచి ఎడమకి ఇంకో చుట్టు వెయ్యండి. రెండు చుట్లలోనూ ఒకే మాట వస్తేనే నమ్మాలి.

వగరు ఇంకా కావాలంటే దక్షిణ ఇటలీలో అల్యానికో ఉంది, ఉంబ్రియాలో సాగ్రంతీనో ఉంది. కానీ అవి రెండో విడతకి. సాగ్రంతీనోతో మొదలుపెడితే మిగతావన్నీ నీళ్లలా అనిపిస్తాయి.

జవాబు 2: తొక్కమందం

పైన చెప్పినదానికి ఢోకా లేదు గానీ, డీఎన్‌ఏ చుట్టరికం పట్టుకుని రుచి ఊహించే అలవాటు మాత్రం వద్దండీ. పినో, గువే బ్లాంక్ అనే జంటకే షార్డొనే పుట్టింది, గమే కూడా పుట్టింది. ఒకటి తెలుపు, ఒకటి ఎరుపు. తోబుట్టువుల సంగతే ఇలా ఉంటే దూరపు చుట్టాల మాట చెప్పేదేముంది? చూడవలసినవి మూడు: తొక్క ఎంత మందం, కాయ ఎంత ఆలస్యంగా పండుతుంది, ఆ సమయానికి ఆ ఊళ్లో వాన పడుతుందా. ఈ మూడూ తెలిస్తే గ్లాసులో ఏముంటుందో సగం చెప్పేయొచ్చు.

పోర్చుగల్‌లోని ద్రాక్ష ఒకటి తీసుకోండి. దాని పేరే బాగా. మన బాగా కాదు, పోర్చుగీసులో చిన్న కాయ అని అర్థం. పండేది బైర్రాదాలో, అట్లాంటిక్ గాలి తగిలే చోట. తొక్క పలచన, పండటం ఆలస్యం. సెప్టెంబర్‌లో వాన పట్టుకుందంటే గుత్తి కుళ్లడం మొదలవుతుంది. కుళ్లుకి భయపడి ముందే కోసేస్తే గింజ పచ్చిగా ఉండి వైన్ చేదెక్కుతుంది, ఆగితే పంటే పోతుంది. కాబట్టి ఈ రకం దగ్గర తయారీదారు పేరు కన్నా ముందు సంవత్సరం చూడాలి. పొడిగా గడిచిన ఏడాది సీసా అయితే ఇరవై ఏళ్లు నిలుస్తుంది. వానలు పడ్డ ఏడాదిది అయితే బాగా పేరు పేరుకే.

అల్యానికోది ఇంకో కష్టం. తొక్క మందమే, కుళ్లు బెడద తక్కువే, కానీ అక్టోబర్ చివర్న మొదలైన కోత నవంబర్‌లోకి సాగుతుంది. కాంపానియా కొండల్లో పండేదాన్ని తౌరాజి పేరుతో అమ్ముతారు. 1993లో దానికి ఇటలీలో అన్నిటికన్నా పై హోదా వచ్చింది. 85 శాతానికి తగ్గకుండా అల్యానికో ఉండాలి, బయటికి వచ్చేలోపు మూడేళ్లు నిలవ, అందులో కనీసం ఏడాది చెక్క పీపాలో. మూడేళ్లు గడిచాయి కదా అని వెంటనే తెరిస్తే నోరు కట్టేస్తుంది. ఎనిమిది, పదేళ్లు దాటినది దొరికితే అదే తీసుకోండి. అదే ద్రాక్ష బసిలికాతాలో వుల్తూరె అనే చల్లారిన అగ్నిపర్వతం మీద కూడా ఉంది. బూడిద నేల, వైన్ కాస్త ముదురు.

ఇక మీ మిరియాల సంగతి. సిరాలో ఆ వాసన రొటుండోన్ అనే పదార్థానిది. వైన్‌లో దాన్ని కనిపెట్టింది ఆస్ట్రేలియా పరిశోధకులు, 2008లో. లీటరు ఎర్ర వైన్‌లో 16 నానోగ్రాములుంటే చాలు, ముక్కు పట్టేస్తుంది. ఆ పరీక్షల్లోనే ఇంకో ముచ్చట బయటపడింది: అయిదుగురిలో ఒకరికి అది ఎంత పోసినా తెలియలేదు. మీ పక్కనున్నవాళ్లు ఏదీ మిరియాలు అంటే వాదన పెట్టుకోకండి, వాళ్ల ముక్కుకి అది అందకపోవచ్చు. మిరియాల డబ్బా మూత తీసి మాకు తెలుస్తోందిగా అంటారు. మిరియాల్లో వేరే వాసన పదార్థాలు కూడా ఉన్నాయి, ఆ పరీక్ష చెల్లదు.

చల్లటి చోట, నీడలో, తడి ఎక్కువున్న ఏడాది ఈ రొటుండోన్ పెరుగుతుంది. అందుకే ఈ దారిలో మీరు వెళ్లేవన్నీ కొండ ఊళ్లే.

ఫ్రాన్స్‌లోని సావోయిలో ఆర్బాఁ అనే ఊరి మోందూజ్ న్వార్ మొదట చూడండి. ఆల్ప్స్ అంచున సున్నపురాయి వాలు, ఊదారంగు, పుల్లటి నల్ల పండ్లు, మిరియాలు, ఆఖర్న చిన్న చేదు. ఆల్కహాల్ 11 నుంచి 12.5 శాతం లోపే ఉంటుంది చాలాసార్లు. సిరాకి దగ్గర చుట్టం, ఈ ఒక్కచోట చుట్టరికం రుచిలోనూ తెలుస్తుంది, ఒప్పుకుంటాను.

తర్వాత ఇటలీ ఈశాన్యంలో ఫ్రియూలిలోని స్క్యొప్పెత్తీనో. ప్రెపోత్తో అనే ఊరి చుట్టుపక్కలే దీని ఇల్లు. ఇరవయ్యో శతాబ్దంలో దాదాపు మాయమైపోయి, 1970లలో మళ్లీ నాట్లు పడ్డాయి. మిరియాల వాసన ఇందులో ఉన్నంత సూటిగా మరెక్కడా దొరకదని నా అభిప్రాయం. కొత్త ఓక్ పీపాలో పెట్టినది కొంటే ఆ సూటిదనం వనిలా కింద పడి నలిగిపోతుంది. వెనక లేబుల్ మీద పెద్ద పీపా లేదా స్టీలు అని ఉంటే మంచిది.

మూడోది ఆస్ట్రియా బ్లౌఫ్రాంకిష్. బుర్గెన్‌లాండ్‌లోనే మూడు ముఖాలు: లైథాబెర్గ్‌లో సున్నపురాయి, పలకరాయి, వైన్ సన్నగా బిగుతుగా ఉంటుంది. మిట్టెల్‌బుర్గెన్‌లాండ్‌లో బరువైన బంకమట్టి, అక్కడ పండు రుచి దట్టం. ఐజెన్‌బెర్గ్ అంటేనే ఇనుప కొండ, ఘాటు ఎక్కువ. మీకు మొదటిదీ మూడోదీ.

ఫ్రాన్స్‌లో ఇంకా గయ్యాక్‌లో దురాస్, లువార్ ఉపనదుల దగ్గర పినో దోనిస్ ఉన్నాయి. పినో దోనిస్‌కి పినో న్వార్‌తో ఏ సంబంధమూ లేదు, పేరు ఒక్కటే.

జవాబు 3: లేబుల్‌పిచ్చి

రెండో ప్రశ్నకి. ముందు చట్టం: యూరోపియన్ యూనియన్‌లో సీసా మీద ఒకే ద్రాక్ష పేరు వేశారంటే కనీసం 85 శాతం అది ఉండాలి. అమెరికాలో అయితే 75 చాలు. ద్రాక్ష పేరు లేకుండా ఊరి పేరే ఉంటే, ఆ రక్షిత పేరు నియమావళిలో ఏయే రకాలు, ఎంతెంత అన్నది రాసి ఉంటుంది. అది బహిరంగ పత్రం, ఊరి పేరు కొట్టి వెతికితే దొరుకుతుంది.

అసలు చిక్కు ఒకే ద్రాక్షకి పది పేర్లు ఉండటం, పది ద్రాక్షలకి ఒకే పేరు ఉండటం. జర్మనీలోని యూలియస్ క్యూన్ సంస్థ నడిపే వైటిస్ ఇంటర్నేషనల్ వెరైటీ కాటలాగ్ అని ఉచిత సూచిక ఉంది. పేరు కొట్టగానే అసలు పేరు, మారుపేర్లు, తల్లిదండ్రులు, పుట్టిన దేశం చూపిస్తుంది. కొత్త రకం అనుకుని కొనేముందు అందులో ఒకసారి చూస్తే డబ్బు మిగులుతుంది. కొన్ని నమూనాకి:

ఫ్రాన్స్ జురాలో త్రూసో, పోర్చుగల్‌లో బస్తార్దో, స్పెయిన్ గలీసియాలో మెరెన్సావ్. మూడూ ఒకటే.

స్పెయిన్ బియెర్సోలో మెన్సియా, పోర్చుగల్ దావ్‌లో జేన్. ఒకటే.

చిలీలో పాయీస్, కాలిఫోర్నియాలో మిషన్, అర్జెంటీనాలో క్రియోల్లా చికా. అన్నీ స్పెయిన్ నుంచి వెళ్లిన లిస్తాన్ ప్రియెతో. కానరీ దీవుల లిస్తాన్ నెగ్రో మాత్రం వేరే రకం, పేరు చూసి కలిపేయకండి.

బ్లౌఫ్రాంకిష్ హంగరీకి వెళ్తే కేక్‌ఫ్రాంకోష్, జర్మనీలో లెంబెర్గర్, స్లొవాకియాలో ఫ్రాంకొవ్కా.

ఇక అడ్డదిడ్డంగా ఉండేది బొనార్దా. అర్జెంటీనా బొనార్దా నిజానికి సావోయి నుంచి వచ్చిన దూస్ న్వార్, కాలిఫోర్నియాలో దాన్నే షర్బోనో అంటారు. ఇటలీలో ఒల్త్రెపో పవేజె బొనార్దా అని కొంటే లోపల ఉండేది క్రొయాతినా. పియెమోంతెలో బొనార్దా పేరుతోనే మూడో రకం ఒకటుంది. మూడు సీసాలూ పక్కపక్కన పెడితే మూడు వేర్వేరు ద్రాక్షలు.

మొంతెపుల్చానో దగ్గర కూడా ఇదే గోల. మొంతెపుల్చానో దబ్రుత్సో అంటే ద్రాక్ష పేరు. వీనో నోబిలె ది మొంతెపుల్చానో అంటే ఊరి పేరు, అందులో ప్రధానంగా సాంజొవేసే.

పేరు పొరపాటు తోటలోనే జరిగిన కథ చిలీది. మెర్లో అనుకుని పెంచుతున్న తీగల్లో చాలావరకు కార్మెనేర్ అని 1994లో ఫ్రెంచ్ ద్రాక్షశాస్త్రవేత్త జాన్ మిషెల్ బుర్సికో గుర్తుపట్టాడు. కార్మెనేర్ మెర్లో కన్నా మూడు, నాలుగు వారాలు ఆలస్యంగా పండుతుంది. రెండూ కలిపి ఒకేసారి కోసేస్తుంటే పచ్చి క్యాప్సికం వాసన రాక ఏమవుతుంది?

తీపి వద్దన్నారు కదా, జార్జియా సీసాల దగ్గర జాగ్రత్త. అక్కడి సపెరవి గొప్ప రకం. పేరుకి రంగు వేసేదని అర్థం. మామూలు ఎర్ర ద్రాక్షల్లో గుజ్జు తెల్లగా ఉంటుంది, రంగంతా తొక్కదే. సపెరవిలో గుజ్జు కూడా ఎరుపే. పళ్లు, నాలుక నీలం పడతాయి. కఖేతి ప్రాంతంలో ముకుజని అని ఉంటే తీపి లేనిది, ఓక్‌లో ఏడాది ఉంచుతారు. నపరెయులి అని ఉన్నా ఎక్కువగా తీపి లేనిదే. కిండ్జ్మరౌలి, అఖషెని అని ఉంటే ద్రాక్ష అదే గానీ వైన్ సగం తీపి. పులియడం పూర్తికాకముందే చల్లబరిచి ఆపేస్తారు. రచా ప్రాంతపు ఖ్వంచ్‌కర కూడా సగం తీపే, అందులో సపెరవి అసలు లేదు, అలెక్సాండ్రౌలి, ముజురెతులి అనే రెండు రకాలు. ముందు లేబుల్ ఎంత అందంగా ఉన్నా వెనక డ్రై అన్న మాట వెతకండి.

క్వెవ్రి అని రాసి ఉంటే భూమిలో పాతిన మట్టి బానలో పులియబెట్టింది. లోపల తేనెమైనం పూస్తారు. ఈ పద్ధతిని 2013లో యునెస్కో గుర్తించింది. ఓక్ వాసన ఉండదు, మట్టి వగరు కాస్త తోడవుతుంది. సపెరవి పండు రుచి తెలుసుకోవాలంటే ఓక్‌ది కాకుండా క్వెవ్రిది లేదా స్టీలుది ముందు తాగాలి.

ఇటలీలో చెరసువోలో అన్న మాట కనిపించినా అంతే, చెర్రీ రంగు రోజే (గులాబి రంగు) వైన్ అని అర్థం.

వగరుపక్షం:

@లేబుల్‌పిచ్చి గారు, అంతా బాగుంది, చివరి వాక్యం ఒక్కటి దిద్దండి. చెరసువోలో దబ్రుత్సో రోజే, నిజమే. చెరసువోలో ది విత్తోరియా మాత్రం పూర్తి ఎర్ర వైన్. సిసిలీలో ఎర్ర వైన్లకు పై హోదా ఉన్నది దానికొక్కదానికే, 2005లో వచ్చింది. నేరో దావోలా అనే ద్రాక్ష 50 నుంచి 70 శాతం, మిగతాది ఫ్రప్పాతో అనే రకం. ఆ ఫ్రప్పాతో ఒక్కదాన్నే విడిగా పెట్టిన సీసాలూ దొరుకుతాయి. వగరు దాదాపు లేని రకం కాబట్టి నాలుగోగ్లాసు గారి వరుసలో అన్నిటికన్నా ముందు పోసుకోవాలి.

లేబుల్‌పిచ్చి:

అవునండీ, తొందర్లో రెండిటినీ ఒక గాటన కట్టేశాను. ఊరి పేరుతో కలిపి చదవాలి.

నాలుగోగ్లాసు:

అందరికీ ధన్యవాదాలు. మూడో ప్రశ్న ఇంకా మిగిలింది. ఉదాహరణకి, అయిదేళ్ల నౌసా అంచు ఇటుక రంగుకి తిరిగిందంటే ఆక్సిజన్ తగిలి పాడైనట్టా? జురాలో పండే పుల్సార్ అనే రకం సీసా తెరవగానే అగ్గిపుల్ల, గుడ్డు వాసన వస్తే? పోసేటప్పుడు ఎంత చల్లగా ఉండాలో కూడా చెప్పండి.

జవాబు 4: చల్లనిగది

నౌసా రంగు చూసి తీర్పు చెప్పొద్దు. క్సినోమావ్రోలో రంగు పదార్థం మొదట్నుంచీ తక్కువ, ఉన్నది త్వరగా పోతుంది. నాలుగైదేళ్లకి అంచు నారింజ తిరగడం మామూలే. పాడైందా లేదా అన్నది ముక్కుతోనే తేలుతుంది. కోసి వదిలేసిన ఆపిల్, పాత అక్రోటు వాసన మాత్రమే వచ్చి పండు వాసన ఎక్కడా లేకపోతే పాడైనట్టు. ఇటుక రంగున్నా టమాటా, చెర్రీ, గులాబి తాజాగా ఉంటే సీసా బాగున్నట్టే.

పుల్సార్ విషయం వేరు. తొక్క బాగా పలచన, రసం రోజే కన్నా కొంచెమే ముదురు. తయారీలోనూ, సీసాలోనూ గాలి అందకపోతే గంధకపు వాసన పట్టేసే స్వభావం దానిది. ప్యుపియాఁ ఊరి సీసాల్లో, అందులోనూ సల్ఫర్ కలపకుండా చేసినవాటిలో ఇది తరచూ కనిపిస్తుంది. తెరిచిన వెంటనే గ్లాసులో పోసి గట్టిగా తిప్పి 10, 15 నిమిషాలు వదిలెయ్యండి. తగ్గుతుంటే గాలి లేక వచ్చిన వాసన. తగ్గకపోతే శుభ్రంగా తోమిన రాగి తీగ ముక్క ఒక గ్లాసులో వేసి నిమిషం తిప్పి వాసన చూడండి. మాయమైతే అది హైడ్రోజన్ సల్ఫైడ్ లాంటిదే, సీసా మొత్తాన్ని వేరే పాత్రలోకి ఒంపి గాలి తగలనిస్తే దారికొస్తుంది. రాగి వేసిన గ్లాసు తాగకండి, పారబోయండి. రాగికి కూడా లొంగలేదంటే ఆ గంధకం డైసల్ఫైడ్‌గా మారిపోయింది, దానికి ఇంట్లో వైద్యం లేదు.

కార్క్ చెడు దీనికి సరిగ్గా తిరగబడి ఉంటుంది. తడిసిన అట్టపెట్టె వాసన, పండు వాసన చచ్చిపోవడం. గాలి తగిలేకొద్దీ పెరుగుతుంది. అందుకని అనుమానం వస్తే ఒక గ్లాసు పక్కన పెట్టి అరగంట తర్వాత చూడండి. వాసన పలచబడితే గాలి లేనితనం, చిక్కబడితే కార్క్. ఈ ఒక్క పరీక్షతో సగం అనుమానాలు తీరిపోతాయి.

గుర్రపుసాల, కట్టు పట్టీ వాసన వస్తే అది బ్రెట్టనోమైసిస్ అనే ఈస్ట్ పని. కొద్దిగా ఉంటే ఈ ఊరి స్వభావం అని సర్దిచెబుతుంటారు, నేను ఒప్పుకోను. ఏ ద్రాక్షకీ పుట్టుకతో గుర్రం వాసన లేదు. గోళ్ల రంగు వాసన వస్తే ఇథైల్ అసిటేట్. రెండూ గాలికి పోవు.

రకం లక్షణాన్నే తప్పుగా చూసే సందర్భం ఇంకోటి: నైరుతి ఫ్రాన్స్‌లో మార్సియాక్. అక్కడి ఫేర్ సెర్వాదూ అనే ద్రాక్షలో పచ్చి క్యాప్సికం వాసన ఉంటుంది. ఆ ద్రాక్షనే గయ్యాక్‌లో బ్రోకోల్ అంటారు, మదిరాన్‌లో పినాంక్. ఆ పచ్చి వాసన చెడు కాదు, వద్దనుకుంటే ఎండ బాగా కాసిన ఏడాదిది తీసుకోవాలి.

ఇక చల్లదనం. పుల్సార్, ఫ్రప్పాతో 12-13 డిగ్రీలు. మోందూజ్, స్క్యొప్పెత్తీనో, బ్లౌఫ్రాంకిష్ 14-15. నౌసా, ఎట్నా 16. సపెరవి, సాగ్రంతీనో, అల్యానికో 17-18. చల్లదనం పెరిగితే వగరు, చేదు ముందుకొస్తాయి, అందుకే వగరు రకాల్ని 14కి దించితే కటువుగా తగులుతాయి. మరీ వెచ్చబడితే ఆల్కహాల్ ముక్కుకెక్కుతుంది. బకెట్‌లో మంచు, నీళ్లు సగం సగం పోసి సీసా మెడ దాకా ముంచితే 30 డిగ్రీలున్నది 14కి రావడానికి పావుగంట పడుతుంది. మంచు ముక్కలే వేసి నీళ్లు పోయకపోతే సీసాకి ఆనేది కొంచెమే, చల్లబడటం ఆలస్యమవుతుంది. ఫ్రిజ్‌లో అయితే రెండు గంటలకు పైనే. గ్లాసులో పోశాక రెండు, మూడు డిగ్రీలు పెరుగుతుంది, అంచేత చెప్పిన దానికన్నా ఒక డిగ్రీ తక్కువలో తీయండి. సూది థర్మామీటర్ ఒకటి ఉంటే ఊహలతో పనిలేదు.

సాగ్రంతీనో, వయసు తక్కువున్న తన్నా (మదిరాన్‌లో పండే ద్రాక్ష) రెండు మూడు గంటల ముందు వేరే పాత్రలోకి ఒంపాలి. తన్నా వగరును తగ్గించడానికే మదిరాన్‌లో పత్రిక్ దుకుర్నో 1990ల మొదట్లో వైన్‌లోకి బుడగలు బుడగలుగా ఆక్సిజన్ పంపే పద్ధతి తీసుకొచ్చాడంటే, ఆ వగరు ఎంతటిదో చూడండి. 15 ఏళ్లు దాటిన నౌసాకి మాత్రం ఈ గాలి వైద్యం చెయ్యకూడదు. సీసా ఒక రోజంతా నిలబెట్టి, అడుగు మడ్డి కదలకుండా మెల్లగా వంచి పోయండి, అంతే.

నాలుగోగ్లాసు:

ఇప్పుడు దారి కనపడుతోంది. మొదటి విడత నెబ్బియోలో, నౌసా, ఎట్నా. రెండోది సిరా, మోందూజ్, స్క్యొప్పెత్తీనో. ఒక్కసారికి మూడు సీసాలు తెరిస్తే మిగిలింది ఏం చెయ్యాలి? ఇంకోటి, మెన్సియా గురించి ఎవరూ చెప్పలేదు, అది నా వరుసలో పట్టదా?

తొక్కమందం:

మిగలబెట్టే పద్ధతి: 375 మిల్లీలీటర్ల ఖాళీ సగం సీసాలు, వాటి బిరడాలు ముందే కడిగి ఆరబెట్టి ఉంచుకోండి. పెద్ద సీసా తెరిచిన వెంటనే, తాగడం మొదలెట్టకముందే, సగం సీసాని మెడ అంచు దాకా నింపి మూసెయ్యండి. లోపల గాలి లేకపోతే ఫ్రిజ్‌లో నాలుగు రోజులు ఢోకా లేదు. చివర్న మిగిలినదాన్ని పోస్తే లాభం లేదు, అప్పటికే గాలి కలిసిపోయి ఉంటుంది. పుల్సార్ మాత్రం రెండో రోజుకే నీరసపడుతుంది.

మెన్సియా మీ రెండో విడతకి నాలుగో గ్లాసుగా పడుతుంది, కానీ చోటు చూసి కొనాలి. పండేకొద్దీ దీని పులుపు గబగబా పడిపోతుంది, సరైన కోత రోజులు కొన్నే. బియెర్సోలో లోయ అడుగున పండినది మెత్తగా, జామ్‌లా వస్తుంది. అదే ద్రాక్ష కొరుయోన్ లాంటి ఊళ్ల పలకరాయి వాలుల మీదిదైతే సన్నగా, మిరియాలతో, రాతి వాసనతో ఉంటుంది. ఇంకా సన్నది కావాలంటే రిబేరా సక్రా. సీల్, మీన్యో నదుల మీద నిలువు మెట్ల తోటలు, యంత్రం దిగే వీలు లేదు. ముందు లేబుల్ మీద ఊరు లేదా తోట పేరు లేకపోతే వెనక ఆల్కహాల్ చూడండి. 14.5 రాసి ఉంటే అది మీకు కాదు. 12.5, 13 ఉన్నది తీసుకుని మోందూజ్‌కి పక్కనే పెట్టండి.